యంత్రమును దాస్యమును

యంత్రములు మనుష్యుని కష్టమును తగ్గించునవి గావున, అవి వృద్ధినొందినకొలఁదిని లోకమున దాస్యము దానంతట నశించునని తలఁచువారు మనలో పెక్కండ్రు గలరు. వినుట కీమాట యింపుగానే యున్నది. ఇది యెంతవఱకు సత్యమో తెలిసికొనుటకు ఒక్క యంత్రముయొక్క చరిత్రము చాలును.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో పండెడు పొట్టిపింజ పత్తి గింజను గట్టిగా నంటిపెట్టుకొని యుండును. చేతితో గింజలు తీసినచో, ఒక మనుష్యుఁడు దినమంతయు పాటుపడినను ఇంచుమించు ఒక్క పౌను దూదియే సిద్ధమగును. 1793 వ సంవత్సరమున ఎలీ విట్నీ యనునతఁడు దీనికొక యంత్రమును కల్పించెను. తిరుగుచున్న గుండ్రని మొద్దుమీఁది తీగపండ్లు పింజను సన్నని సందులగుండ లాగికొనును. గింజ యా సందులలో పట్టక వెనుకనే నిలుచును. పండ్లకంటిన దూదిని కుంచె దులుపును. ఇంతే. రెండు కోలల నడుమ పత్తిని నొక్కి గింజను వేఱుచేయు సాధనమును మన దేశమువారు శతాబ్దములకు పూర్వమే యెఱుఁగుదురు గాని, యీ మొండిగింజ యట్టిదానికి లొంగదయ్యెను. క్రొత్తయంత్రమును చేతితో త్రిప్పినను దినమునకు 50 పౌనుల దూది వచ్చెడిది.

ఏఁబదిమంది పని యొక్కఁడు చేయునప్పుడు తక్కినవారికి విశ్రాంతి లభింపవలెను గదా! జరిగినది వేఱు. గింజ తీయుట సులభమైనతోడనే పత్తిపంట లాభకరమయ్యెను. లాభము కనఁబడఁగానే అడవులు నఱికి చేలు చేసిరి. కాని దున్నుట, కలుపు తీయుట, పత్తి యేఱుట యనునవి చేతిపనులుగనే నిలిచెను. ఆ చేతులు బానిసలవి. 1790 వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ దేశమున బానిసలు సుమారు 7 లక్షలు. 1860 నాఁటికి 40 లక్షలకు కొంచెము తక్కువ. విదేశములనుండి బానిసలను తెచ్చుట 1808 లో నిషేధింపఁబడుటచే, వర్జీనియా మొదలగు ప్రాంతములవారు తమ బానిసలను పత్తిసీమలకు విక్రయించిరి. తల్లి నొకరికిని బిడ్డ నింకొకరికిని అమ్మిన సందర్భము లెన్నియో. ఆదివారమున సర్వమానవులకును తండ్రి యొక్కఁడే యని ప్రార్థించినవారే సోమవారమున ఈ బేరము లాడిరి.

నిర్జీవమగు యంత్రమున దోషమేమి యని కొంద ఱడుగుదురు. ఆ మాట సగమే నిజము. యంత్రము పాపము చేయదు గాని పాపమును లాభసాటి చేయఁగలదు. బానిసత్వము క్రమముగా క్షీణించునని యంతకుమున్ను తలఁచినవారి యాశ లీ చక్రము క్రిందనే నలిగెను.

ఆ పత్తిలో నధికభాగ మింగ్లండునందలి లాంకషైరు మిల్లులకు పోయెడిది. 1861 లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి, ఉత్తరమువారి నౌకలు దక్షిణపు రేవులను ముట్టడింపఁగా పత్తి రాక క్షీణించెను. మిల్లులు మూఁతపడెను, లక్షలకొలఁది జనులు దానధర్మములపై బ్రతుకవలసివచ్చెను. బానిసల యజమానుల పక్షము వహింపుఁడని తమ ప్రభుత్వమును కోరినవారు వారిలో లేకపోలేదు. అయినను 1862 డిసెంబరు 31 వ తేదీన మాంచెస్టరు కార్మికులు సభ చేసి, బానిసత్వమును నిర్మూలింపుఁడని యధ్యక్షుఁడగు లింకనునకు లేఖ నంపిరి. తరువాతి నెలలో నాయన కృతజ్ఞతతో ప్రత్యుత్తరము వ్రాసెను. సోదరులారా! ఆఁకలిగొన్నవారు తమ కూటిని కాదని, యెన్నఁడును చూడని పరజాతివారి విడుదలను కోరిరి. ఈశ్వరుఁడు మనుష్యుని యంతరాత్మలో పలుకుననుటకు నే నింతకంటె దూరము పోయి నిదర్శనము వెదకను.

క్రొత్తయంత్రము పుట్టినప్పుడెల్ల దానివలన పని యెంత తగ్గునని లెక్కింతుము. మిగిలిన కాల మెవరి సొత్తగునని యడుగము. మన సమాజమువారిలో శశిపద బెనర్జీగా రీ ప్రశ్నను మఱవలేదు. కలకత్తా చెంతనున్న బరానగరములోని జనపనార మిల్లు కూలివాండ్రకొఱకు ఆయన 1870 లో శ్రామికసంఘమును స్థాపించెను, 1874 లో భారత శ్రమజీవి యను మాసపత్రికను ప్రకటించెను, రాత్రిబడియు పెట్టెను. పగలంతయు యంత్రముకడ నిలిచినవా రచ్చట దీపముకడ కూర్చుండి యక్షరములు దిద్దిరి.