వ్యసన చికిత్స – వెలల ప్రశ్న

హెరాయిన్ వ్యసనాన్ని ఇబొగైన్‌తో మాన్పిస్తామనే ప్రైవేటు వైద్యశాలలు మెక్సికోలో పెక్కు ఉన్నాయి. మనిషిని గంటల తరబడి స్వప్నావస్థలో ఉంచే ఈ మందును అమెరికా 1970 చట్టంలో నిషిద్ధ ద్రవ్యాలలో చేర్చింది. కనుక అక్కడి రోగి సరిహద్దు దాటక తప్పదు. చికిత్సకు 5,000 డాలర్లు పుచ్చుకునేవారున్నారు, 10,000 దాటించేవారూ ఉన్నారు.

ఎక్కడ చౌక అని రోగి బంధువులు అడగటం సహజమే. అయితే ఇబొగైన్ గుండె లయను తప్పించగలదు; మరణాలు సంభవించాయి. ముందు ఇ.సి.జి. తీయాలి, మందు దిగేదాకా గుండెను కనిపెట్టుకొని వైద్యుడుండాలి. లాభం విడువకుండా వెల తగ్గించదలచిన యజమానికి మొదట కనపడేది ఈ ఖర్చే. అప్పుడు పేదవాడు కొనుక్కునేది చికిత్సతోపాటు ప్రమాదాన్ని కూడా. ఇబొగా వేరు బెరడు గుణాన్ని తరతరాలుగా ఎరిగిన గబాన్ దేశపు బ్విటి ఆచారపరుల పేరు ఈ వెలల పట్టీలలో వెదకనే అక్కరలేదు!

దీనికి భిన్నమైన పద్ధతి లేకపోలేదు. కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రంలో 1950లలో హంఫ్రీ ఆస్మండ్ ప్రభృతులు తాగుడు రోగులకు ఎల్.ఎస్.డి. ఇచ్చి చూశారు. అది టామీ డగ్లస్ నాయకత్వాన సోషలిస్టులు పాలిస్తున్న కాలం; 1947 నుంచే అక్కడ ఆస్పత్రి ఖర్చుకు ప్రభుత్వ బీమా ఉన్నది. ఆ మందు ఫలితాలను తరువాతి పరిశోధకులు శంకించారు, నిజమే. కాని ఆ ప్రయోగం సాగింది ప్రభుత్వ వైద్యశాలలో, అంగడిలో కాదు.

2025లో టెక్సాస్ ప్రభుత్వం ఇబొగైన్ పరీక్షలకు 5 కోట్ల డాలర్ల ప్రజాధనం కేటాయించి, రాబోయే ఆదాయంలో రాష్ట్రానికి వాటా కోరింది. ఆ వాటా పెరగాలంటే మందు వెల కూడా పెరగాలి మరి.