అర్జీదారు కోపం, ఉద్యోగి సహనం

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో ఎర్రగుడి అనే ఊరు ఉంది. ఆ ఊరి సమీపంలోని బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనాలు, వాటితోపాటు లఘు శాసనమూ చెక్కి ఉన్నాయి. వాటిలో ఆరవ శాసనం పూర్తిగా పరిపాలనకు సంబంధించినది. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానంలో ఉన్నా ప్రజల పనులను గురించి నివేదకులు ఏ వేళనైనా వచ్చి విన్నవించవచ్చునని చక్రవర్తి అందులో ప్రకటించాడు. అదే పత్తికొండలో 2019 నవంబరులో తహసిల్దారు బల్లకూ అర్జీదారులకూ మధ్య అడ్డంగా తాడు కట్టినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. అంతకు కొద్దిరోజుల ముందే రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో భూమి వ్యవహారమై వచ్చిన వ్యక్తి ఒకడు మహిళా తహసిల్దారును ఆమె గదిలోనే నిప్పంటించి చంపాడు. ఆమెను కాపాడబోయిన డ్రైవరూ, చివరకు నిప్పంటించిన మనిషీ కాలిన గాయాలతో మరణించారు.

ఎర్రగుడి శాసనానికీ పత్తికొండ తాడుకూ నడుమ దాదాపు ఇరవై మూడు శతాబ్దాల దూరం ఉంది. ఆ తాడును చూసి నవ్వడం సులభమే కాని న్యాయం కాదు. ఉద్యోగి కూడా సాయంత్రానికి ఇంటికి చేరవలసిన మనిషే. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. కార్యాలయానికి వచ్చిన మనిషి కోపాన్ని ఉద్యోగి ఎంతవరకు భరించాలి? ఆ సహనం అతని మంచితనమా, లేక అర్జీదారుకు అతడు చెల్లించవలసిన బాకీయా?

ఈ ప్రశ్నను అంత దారుణమైన ఘటన దగ్గర కాక మామూలు కిటికీ దగ్గర పరిశీలించడం మేలు. ఢిల్లీ సరిహద్దుకు ఆనుకొని గాజియాబాదులో ఉన్న ఇందిరాపురం బహుళ అంతస్తుల భవనాల పేట. పిల్లల ఉద్యోగాల కారణంగా సొంత ఊరు విడిచి వచ్చిన తెలుగు వృద్ధ దంపతులు అక్కడ కనిపిస్తూనే ఉంటారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం సమర్పించాలి. ఎనభై దాటినవారికి అక్టోబరు నుంచే వీలు కల్పించారు. 2014లో వేలిముద్రతో పత్రం ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చింది, 2021లో ముఖం చూసి గుర్తించే ఏర్పాటూ జరిగింది. రెండూ మేలైన మార్పులే. అయితే వయసుతోపాటు వేలిగీతలు అరిగిపోతాయన్న సంగతి యంత్రానికి పట్టదు.

సికింద్రాబాదు డివిజనులో ముప్ఫై ఏళ్లకు పైగా గార్డుగా పనిచేసి, ఇప్పుడు కొడుకు వద్ద ఉంటున్న పెద్దమనిషి ఒకరు మూడవసారి అదే కిటికీ ముందు నిలిచారనుకుందాం. వేలిముద్ర కలవలేదు. "నేను నీ ఎదుట నిలబడి మాట్లాడుతున్నాను కదయ్యా, నేను బతికి ఉన్నట్లు ఆ పెట్టె ఒప్పుకోవాలా?" అని ఆయన గొంతు పెంచుతారు. కిటికీ లోపలి కుర్రవాడు బహుశా ఒప్పంద ఉద్యోగి. ఆ యంత్రాన్ని అతడు కొనలేదు, ఆ నియమాన్ని అతడు రాయలేదు. "గొడవపెట్టే ముసలాయన" అని పక్క బల్లవానితో అంటాడు. ఆ మాటతో వ్యవహారం పూర్వకథ అంతా చెరిగిపోతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ వృద్ధుడు గొడవపెట్టే మనిషి కాడు. రెండు ప్రయాణాలూ, ఒక ఆటో ఖర్చూ, రెండుసార్లు విన్న "రేపు రండి" కలిసి ఆయనను అలా తయారుచేశాయి. కష్టమైన సందర్శకులలో ఎక్కువమంది ఇటువంటివారే. కార్యాలయమే వారిని తయారుచేసి, తయారైన తరువాత వారి స్వభావాన్ని నిందిస్తుంది.

ఆయన కోపానికి కారణం సరైనది, అది చేరిన చిరునామా తప్పు. ఈ రెండూ ఏకకాలంలో నిజమే. అందువల్ల కుర్రవాడు తిట్లను ఆశీర్వచనాలుగా స్వీకరించాలని ఎవరూ కోరకూడదు. "పెద్దవారు, అలా మాట్లాడకండి" అనే హక్కు అతనికి ఉంది. చేయి చేసుకునే దాకా వస్తే చట్టం ఉంది. పూర్వపు శిక్షాస్మృతి 353వ సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 132వ సెక్షను అయింది. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దౌర్జన్యానికి రెండేళ్ల వరకు జైలు. అతడు కోల్పోని హక్కులు ఇవి. అతనికి లేని హక్కు ఒక్కటే: విన్న మాటకు ప్రతీకారం ఫైలు మీద తీర్చుకోవడం. ఆ తిట్టు అసలు వినబడనట్లుగానే కాగితంపై నిర్ణయం జరగాలి. సహనం బాకీ అవునా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ముఖంలో చిరునవ్వు బాకీ కాదు, నిర్ణయంలో నిష్పాక్షికత బాకీ.

చిరునవ్వు సంగతి ఎత్తవలసి వచ్చింది కాబట్టి ఒక మాట. అమెరికా సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ప్రచురించిన గ్రంథంలో విమాన పరిచారికల నవ్వును పరిశీలించి, భావాలను అదుపులో ఉంచుకోవడం కూడా జీతానికి అమ్ముకునే శ్రమేనని నిరూపించారు. మన సర్కారు కార్యాలయాల నుంచి నవ్వును ఎవరూ ఆశించరు. అందులో పెద్ద నష్టమూ లేదు. "కూర్చోండి" అన్న మాట, "రేపు" అనడానికి బదులు ఒక తేదీ, ఈ రెండూ దొరికితే మన అర్జీదారు సగం చల్లబడతాడు.

అసలు దోషం సహనం లేకపోవడంలో కంటే, ఉన్న సహనాన్ని పంచే తీరులో ఉంది. ఢిల్లీ పరిసరాలలో "నేనెవరో తెలుసా?" అని అరిచే సందర్శకుడు అరుదైనవాడు కాడు. అతనికి కుర్చీ వస్తుంది, టీ వస్తుంది, వరుస తప్పించి పని కూడా అవుతుంది. అదే స్థాయిలో గొంతు పెంచిన కూలి మనిషికి గార్డు చేయి బుజం మీద పడుతుంది. వరుసలో నిలిచినవారందరూ ఇది చూస్తారు, నేర్చుకుంటారు. మరునాడు వారిలో ఒకరు అరుస్తూనే లోపలికి వస్తే తప్పు ఎవరిది? కౌటిల్యుడు ఈ విషయంలో నిష్కర్షగా ఉన్నాడు. పనిమీద వచ్చినవారిని రాజు ద్వారం వద్ద నిలబెట్టకూడదన్నాడు. దర్శనం దొరకని రాజుచేత చుట్టూ ఉన్నవారు చేయదగిన దానిని చేయకూడనిదిగా, చేయకూడనిదానిని చేయదగినదిగా మార్పిస్తారని హెచ్చరించాడు. రాజు స్వయంగా చూడవలసిన వ్యవహారాలలో బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను, స్త్రీలను పేర్కొన్నాడు. తీవ్రతను బట్టి వరుస మార్చవచ్చునని కూడా అన్నాడు. గొంతు బలాన్ని బట్టి మార్చమని మాత్రం చెప్పలేదు.

1997లో ముఖ్యమంత్రుల సమావేశం పౌరసేవా పత్రాలకు ఆమోదం తెలిపిన నాటినుంచి కార్యాలయాల గోడలపై ఏ పనికి ఎన్ని రోజులో తెలిపే బోర్డులు వెలిశాయి. పక్కనే ఉద్యోగులను అడ్డగిస్తే శిక్ష తప్పదని మరో బోర్డు. మొదటిది దుమ్ముపట్టి ఉన్నచోట రెండవది కొత్తగా మెరవడం ఆ కార్యాలయ చరిత్రను చాలావరకు చెప్పేస్తుంది.

అశోకుడు కళింగంలో, నేటి ఒడిశాలోని ధౌళి, జౌగడలలో వేయించిన ప్రత్యేక శాసనాలు ఈ విషయంలో ఎర్రగుడికంటే ఎక్కువ మాట్లాడతాయి. అవి నేరుగా అధికారులకు ఉద్దేశించినవి. న్యాయంగా వ్యవహరించనీయని గుణాలుగా అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, పట్టుదల లేకపోవడం, సోమరితనం వాటిలో కనిపిస్తాయి. చివర అలసట కూడా ఉంది. అలసటను కోపంతో, క్రూరత్వంతో ఒకే వరుసలో కూర్చోబెట్టడం కొంత కఠినంగా తోస్తుంది. ఉదయం నుంచి ఒకే కిటికీ వెనుక కూర్చొని, తన చేతిలో లేని కారణాలకు తిట్లు తింటున్న మనిషి సాయంకాలానికి అలసిపోవడం అతని దోషం కాదు. అతనిని అక్కడ ఒంటరిగా కూర్చోబెట్టినవారి దోషం. కానీ అర్జీదారు వైపునుంచి చూస్తే చక్రవర్తి చెప్పింది తప్పు కాదు. తన కాగితం తిరిగి వచ్చింది కోపం వల్లనో అలసట వల్లనో అతనికి తేడా తెలియదు.

గార్డు గారి విషయంలో యంత్రం ఒప్పుకోనంత మాత్రాన దారి మూసుకుపోలేదు. పింఛనుదారు స్వయంగా బ్యాంకుకు వచ్చి కాగితంపై సంతకం చేసి ఇచ్చే పాత పద్ధతి రద్దు కాలేదు. ఆ ఫారం కిటికీ లోపలి సొరుగులోనే ఉంటుంది. మొదటి రోజునే దానిని తీసి ఇవ్వడానికి ఏ అధికారి అనుమతీ అవసరం లేదు.