కర్ర కొసన స్పర్శ

తెల్లకర్రతో ఏలూరు వీధిలో నడిచే మనిషికి కాలువగట్టు అంచు తెలిసినప్పుడు, ఆ తెలియడం ప్రత్యక్షమా, అనుమానమా? తెలుగువాడిగా పేరున్న అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ప్రకారం, ఇంద్రియానికీ వస్తువుకూ సంబంధం కలిగితే పుట్టే జ్ఞానం ప్రత్యక్షం. కర్ర ఇంద్రియం కాదు. చర్మం తాకింది పిడినే. కాబట్టి పొగను బట్టి నిప్పును నిర్ణయించినట్టు, అరచేతిలోని అదురును బట్టి అంచును ఊహిస్తున్నారని, అంటే ఇది అనుమానమేనని వాదించవచ్చు. ఈ వాదం నిలవదని నా నమ్మకం.

అనుమానానికి ముందు హేతువు, అంటే పొగలాంటి గుర్తు, తెలియాలి. కొల్లేటి సరస్సులో గెడ వేసి దోనె నడిపేవారిని గమనించండి. అడుగున మెత్తటి బురద ఉందో, గట్టి నేల తగిలిందో గెడ దిగగానే తెలిసిపోతుంది. అరచేతి మీద ఒత్తిడి ఎలా ఉందని అడిగితేనే ఆగి ఆలోచించాలి. హేతువే వెనకబడితే దాని మీద అనుమానం ఎలా కడతాం? తెల్లకర్రకు అలవాటుపడ్డవారి ధ్యాస కూడా పిడి దగ్గర ఉండదు, కొస దగ్గర ఉంటుంది. చేత పట్టిన కర్రకు దెబ్బ ఏ చోట తగిలిందో మనుషులు దాదాపు సరిగ్గా చెప్పగలరని 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. చోటును బట్టి అదురు తీరు మారుతుంది. ఇంద్రియం చర్మమే, దాని హద్దు మాత్రం కొసదాకా జరిగింది. అదంతా అభ్యాసంవల్ల వేగం పుంజుకున్న ఊహేనని ఇంకా పట్టుబడితే, చూపునూ అదే గాటన కట్టాలి. కంటి వెనక పొర మీద పడేది వెలుగే గాని, సరస్సు మీద వాలిన కొంగ కాదు. పైగా కంటినుంచి తేజస్సు వెళ్లి వస్తువును తాకుతుందని అన్నంభట్టు సంప్రదాయానికి చెందిన నైయాయికులే ఒప్పుకున్నారు. ఎవరికీ కనబడని ఆ కిరణానికి ఇచ్చిన హోదా, చేతిలో ఉన్న కర్రకు ఎందుకు దక్కకూడదు?

నడుముకు పైన వేలాడే కొమ్మనూ, లారీ వెనక పొడుచుకొచ్చిన చువ్వలనూ కర్ర పసిగట్టలేదన్న మాట నిజం, ప్రమాదకరమైన నిజం. అయితే అది పరిధికి సంబంధించిన లోటు. గోడ అవతల ఏముందో చూడలేనంత మాత్రాన కంటిచూపును ఎవరూ అనుమానం అనరు.

కర్ర చూపుతో సమానమైన ప్రత్యక్షమైతే, దాన్ని పట్టి లాగడం ఎదుటివారి కళ్లు మూయడమే అవుతుంది. తాడేపల్లిగూడెం స్టేషన్లోనో ఏలూరు బస్టాండులోనో సాయం చేయాలనిపిస్తే ముందు నోరారా అడగండి. సరేనంటే మీ మోచేయి అందించండి. కర్రను మాత్రం వారి చేతికే వదిలేయండి.