అభివృద్ధి నిరోధకుడు ఎవరు?

వామపక్ష సాహిత్యం కాస్త చదివినవాళ్ళకి "అభివృద్ధి నిరోధకుడు" పాత చుట్టమే. ఇంగ్లీషు "రియాక్షనరీ"కి మనవాళ్ళు చేసుకున్న అనువాదం. దాని మూలం 1790ల నాటి ఫ్రెంచి విప్లవంలో ఉంది. విప్లవం తెచ్చిన మార్పుల్ని వెనక్కి తిప్పాలనుకున్నవాళ్ళని అలా పిలిచారు. అందులో "అభివృద్ధి" అన్న ముక్క లేదు, మనం చేర్చాం. వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టినా కోడ్ నడుస్తుంది, తర్వాత చదివేవాడు మోసపోతాడు. ఇదీ అంతే. అభివృద్ధి అంటే ఏమిటో చెప్పే అధికారం ఎవరిదైతే, తిట్టు కూడా వాళ్ళదే అవుతుంది.

ఎన్.జి. రంగానే చూడండి. 1930ల్లో జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టినవాడు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయానికి తీర్మానం చేశాక, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. వామపక్షాల లెక్కలో అది అచ్చమైన అభివృద్ధి నిరోధక పార్టీ. ఇప్పుడు భూసేకరణకి అడ్డుపడితే కమ్యూనిస్టులకే ఆ పేరు పెడుతున్నారు, పెట్టేది అధికారంలో ఉన్నవాళ్ళు.

విస్సన్నపేటలో నాకు వరసకి పెదనాన్న ఒకాయన ఉన్నాడు. రసాల తోట కొట్టేసి ప్లాట్లు వెయ్యనంటాడు. అదే తోటలో కాయలు కోసే కూలీలకి మంచినీళ్ళు ఇప్పటికీ వేరే గ్లాసులో ఇస్తాడు. మొదటిదానికి మా బంధువులు కోపంగా "అభివృద్ధి నిరోధకుడు" అంటారు. రెండోదానికి నవ్వేసి "కాస్త ఛాందసం" అంటారు. ఛందస్సంటే వేదం. వేదం చదివినవాడికున్న పేరు ఎగతాళిగా మారింది. ఎగతాళితో ఒక సౌకర్యం ఉంది: నవ్వేశాక ఇంకేమీ అడగక్కర్లేదు. చెట్లు కాపాడినందుకు పెద్ద తిట్టు, మనిషిని దూరం పెట్టినందుకు ముద్దుపేరు!

నాకు తోచిన కొలత ఒకటే. పాతదాన్ని నిలబెట్టే ఖర్చు ఎవరు మోస్తున్నారు? తోట ఉంచుకుంటే ప్లాట్ల డబ్బు పోయేది ఆయనకి. వేరే గ్లాసు ఖర్చు మోసేది కూలీలు.

ఈ కొలతతో ఆయనకీ పూర్తిగా ఊరట లేదు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. రేపు వాళ్ళు వాటా అడిగితే, తోట పేరు చెప్పి ఎగ్గొడితే, అప్పుడు ఆ పెద్ద మాట వాడటానికి నాకు అభ్యంతరం లేదు. గ్లాసు విషయంలో ఇప్పుడే వాడతాను. చెట్ల కోసం మాత్రం వాడను.