చాటునుండి తీసిన సత్యము

ఛాయాచిత్రకళ చిత్రలేఖనమునకు దాస్యము చేసిన కాలమొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఐరోపా, అమెరికాలయందలి ఛాయాచిత్రకారులు పలువురు తమది వట్టి యంత్రపు పని యను నిందకు వెఱచి మసక కటకములు వాడిరి. బంకయు రంగును పూసిన కాగితములపై బొమ్మను ముద్రించి కుంచెతో దిద్దిరి. చూపరులు వర్ణచిత్రమని భ్రమపడిన ధన్యులమనుకొనిరి. ఇది వేషమే గదా!

ఆ వేషమును విప్పినవారిలో న్యూయార్కువాడగు పాల్ స్ట్రాండు ముఖ్యుడు. 1916లో ఆతడు వీధిలో నొక అంధురాలి చిత్రమును తీసెను. ఱొమ్ముపై 'గ్రుడ్డి' యను పలక, దానిపైన అనుమతి బిళ్ల, వెనుక రాతిగోడ. మెత్తదనము లేదు, దిద్దుబాటు లేదు. స్టీగ్లిట్జు తన 'కెమెరా వర్క్' పత్రిక కడపటి సంచికలో, 1917 జూనున, దానిని ప్రకటించెను.

అయితే, ఆ వీధిచిత్రములకై స్ట్రాండు కెమెరా ప్రక్కన బూటకపు కటకమొకటి బిగించెను. అది ఒకవైపు చూచుచుండ నిజమైనది వేఱొకవైపు పని చేసెడిది. ఎఱిగినచో జనులు ముఖము మార్చుకొందురని ఆతని తలంపు. అబద్ధము వలదన్న కళ అబద్ధముతోనే పని సాగించెను! చిత్రకారుని యెదుట కూర్చుండువాడు ఎఱిగి కూర్చుండును. ఇష్టము లేకున్న లేచిపోవును. ఈమెకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఈమెను వంచించుటకు బూటకపు కటకమైనను అక్కఱలేదు.

ఆ చిత్రము లేకున్న ఆమెను మనమెఱుగమందురు. ఆ మాటను నేను త్రోసివేయజాలను. కాని ఎఱిగితిమా? చిత్రమునకు పెట్టిన పేరులో ఆమె పేరు లేదు. ఆ పుట వచ్చినప్పుడెల్ల నేను త్వరగా త్రిప్పలేను, తీరికగా చూడనుజాలను.