సమూయేలు అడిగిన లెక్క

సమూయేలు వృద్ధుడైన పిమ్మట జనులయెదుట నిలిచి, తనవలన ఎవరి సొత్తుకైన నష్టము కలిగెనేమో చెప్పుడని తానే అడిగెను (1 సమూయేలు 12). అతని కుమారులు లంచములకు లోబడినప్పుడును పెద్దలు ఆ సంగతి అతని ముఖముననే చెప్పిరి. దానికి వారు కోరిన మందు రాజు. అది వేరు కథ.

మన ప్రతినిధులు తామై లెక్క చెప్పరు గనుక చట్టము చెప్పించుచున్నది. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తరువాత ప్రతి అభ్యర్థియు తన ఆస్తి, అప్పు, చదువు, తనపైనున్న కేసులు ప్రమాణపత్రముగా ఇయ్యవలెను. గద్వాల శాసనసభ్యులు బండ్ల కృష్ణమోహన్ రెడ్డిగారు ఆస్తులు, బ్యాంకు ఖాతాల వివరములు కొన్ని చూపలేదని, వారి 2018 ఎన్నిక చెల్లదని 2023 ఆగస్టు 24న తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చి, డి.కె. అరుణగారు ఎన్నికైనట్లు ప్రకటించెను. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను గనుక నేరము రుజువైనట్లు మేము మాటలాడము. నవంబరు 30న పోలింగు జరుగగా ఆయనే మరల గెలిచిరి. ఆధిక్యము చాల తగ్గెను గాని, కారణము ఈ కేసేయని ఎవరు చెప్పగలరు?

మేము చెప్పదలచినది ఓటర్ల సంగతి. గద్వాలలోనేమి, వనపర్తి, నాగర్‌కర్నూలులలోనేమి, ఇట్టి మాట వచ్చినప్పుడు రెండే జవాబులు వినబడును. "గెలిచినాడు గదా, ఇంక తప్పేమున్నది?" అనునది ఒకటి. ఓటు ఉన్నవారిలో ఒకరిని ఏరుకొనును. కాగితములోని లెక్క నిజమా కాదా అని అది చూడదు. "అందరు అంతే" అనునది రెండవది. ఇది మరింత చెడ్డది. నిజము వ్రాసినవానిని, దాచినవానిని ఒకే గాట కట్టివేయును.

పింఛను కాగితముమీద సంతకము పెట్టించినవాని పేరే విధవరాలికి జ్ఞాపకముండును. ఆమెను మేము నిందింపము. ఆ నెల బియ్యము ఆమెకు ముఖ్యము. అయితే సంఘ కానుకలలో పది రూపాయలు తగ్గినయెడల కోశాధికారిని నిలువబెట్టి అడుగు పెద్దలమే, మండలమంతటి సొమ్ముపై అధికారము కోరువానిని ఒక్క ప్రశ్న అడుగక దండవేసి పంపుదుము. ఈ భేదము ఎక్కడనుండి వచ్చెను? భయమా, కులమా, లేక ఆ సొమ్ము మనది కాదను తలంపా? మాకు మూడవదే యెక్కువగా కనబడుచున్నది.

నామినేషన్ల కాలమున ఆ ప్రమాణపత్రము రిటర్నింగు అధికారి కార్యాలయపు నోటీసు బోర్డుమీద ఉండును. ఎన్నికల సంఘమువారి వెబ్‌సైటులోను దొరకును. యువజనులలో ఒకరు దానిని తెచ్చి రచ్చబండయొద్ద చదివినయెడల అరగంట పట్టును.