లారీ కింద ఏముంది?

అబద్ధం అనగానే మనకు గుర్తుకొచ్చేది కోర్టులో చెప్పే దొంగసాక్ష్యం, వ్యాపారంలో చేసే మోసపు ప్రమాణం. పిల్లలు ఆటలో చెప్పుకునే కల్పనలు మన లెక్కలోకి రావు. "పోనీలే, ఆటే కదా!" అని వదిలేస్తాం. కాని ఒక వదంతి ఎలా పుడుతుంది, ఎందుకు బతుకుతుంది, దాన్ని విన్నవారి బాధ్యత ఏమిటి అన్నది అర్థం కావాలంటే పిల్లల ఆటలనే ఒకసారి పరికించి చూడాలి.

చేతిలో ఇమిడే గేమ్‌బాయ్ అనే వీడియో గేమ్ యంత్రం 1989లో జపానులో వచ్చింది. దానిమీద ఆడే 'పోకెమాన్' ఆట 1996 ఫిబ్రవరిలో అక్కడే విడుదలైంది. 1998లో అమెరికా చేరింది. వింత జంతువులను ఒక్కొక్కటిగా పట్టుకుని పోగుచేయడమే ఈ ఆట. మొత్తం 151 జంతువులు. వాటిలో చివరిదైన 'మ్యూ' మామూలుగా ఆడేవారికి దొరకదు. ఆట తయారీ ముగింపుకొచ్చాక, యంత్రంలో మిగిలిన కాస్త జాగాలో ఒక ప్రోగ్రామర్ దాన్ని గుట్టుగా చేర్చాడు. 1996లో జపానులోని ఒక పిల్లల పత్రిక పోటీ పెట్టి 20 మందికి మాత్రమే దాన్ని అందించింది. ఉన్నదని తెలుసు, కాని చేతికి రాదు. వదంతి మొలకెత్తడానికి ఇంతకంటే సారవంతమైన నేల ఏముంటుంది?

రెండు వార్తలు

ఈ ఆటలో ఒక రేవు పట్టణం ఉంది. ఓడ ఆగే చోటికి పక్కన ఒక లారీ నిలబడి ఉంటుంది. ఆ లారీతో ఏ పనీ లేదు. అటువంటి లారీ ఆట మొత్తంలో మరొకటి లేదు. 'ఏ పనీ లేకుండా దాన్ని అక్కడ ఎందుకు పెడతారు? దాన్ని పక్కకు నెడితే కింద మ్యూ దొరుకుతుంది' అని ఎవరో అన్నారు. ఆ మాట బడి నుండి బడికి, ఊరి నుండి ఊరికి, చివరికి దేశాలు దాటి పాకింది. "మా అన్నయ్య స్నేహితుడు పట్టుకున్నాడు" అనేవారే గాని "నేను పట్టుకున్నాను, ఇదిగో చూడు" అని చూపినవారు లేరు. పైగా పరీక్షించి చూడటం కష్టం. ఓడ ఒకసారి బయలుదేరిందంటే మామూలుగా మళ్ళీ ఆ రేవులోకి వెళ్ళలేరు. ఆట మొదటి నుండి ఆడాలి. అందుకే ఆ వదంతి అన్నేళ్ళు బతికింది. లారీ కింద ఏమీ లేదు. 2004లో ఆ ఆటను కొత్తగా చేసినప్పుడు తయారీదారులు లారీ దగ్గర ఒక బిస్కెట్టు లాంటి తినుబండారాన్ని దాచి నవ్వుకున్నారు. అంతే.

రెండో వార్త ఇంకా విడ్డూరం. 'ఒక పట్టణంలో ముసలాయన ఒకడు జంతువును ఎలా పట్టాలో నేర్పిస్తాడు. ఆ పాఠం విని, నేరుగా ఒక దీవికి వెళ్ళి, దాని తూర్పు తీరం వెంట నీళ్ళలో పైకీ కిందికీ ఈదితే ముక్కలు ముక్కలుగా చెదిరిన ఒక బొమ్మ కనిపిస్తుంది. దాని పేరు మిస్సింగ్‌నో. అది కనిపిస్తే మన సంచిలోని ఆరో వస్తువు ఒక్కసారిగా 128 పెరుగుతుంది' అని పిల్లలు చెప్పుకున్నారు. వినడానికి ఎంత అసంబద్ధంగా ఉంది! కాని ఇది అక్షరాలా నిజం. 1999లో ఆట కంపెనీ సొంత పత్రికే దీన్ని ధ్రువీకరించి, జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది.

ఇందులో దెయ్యం లేదు, మాయ లేదు. ఆ యంత్రంలో జ్ఞాపకానికి ఉన్న చోటు చాలా తక్కువ. ముసలాయన పాఠం నడిచేటప్పుడు తెరమీద ఆయన పేరు చూపాలి కాబట్టి, ఆడేవాడి పేరును యంత్రం తాత్కాలికంగా వేరే చోట దాచిపెడుతుంది. గడ్డిలో ఏ జంతువులు ఎదురవ్వాలో రాసుకునే జాగా అది. వేరే ప్రదేశానికి వెళితే అక్కడి పట్టిక వచ్చి ఆ పేరు చెరిగిపోతుంది. కాని ఆ దీవికి సొంత పట్టిక లేదు. అందువల్ల పేరు అలాగే ఉండిపోతుంది. తీరం వెంట ఈదేటప్పుడు యంత్రం ఆ పేరులోని అక్షరాలను జంతువుల సంఖ్యలనుకుని చదువుతుంది. కొన్ని అక్షరాలకు సరిపోయే జంతువే లేదు. అప్పుడు వచ్చేదే మిస్సింగ్‌నో, అంటే 'సంఖ్య లేదు' అని అర్థం. ఒకచోట పేరుగా ఉన్న మాటను మరోచోట మరోలా చదివినందువల్ల లేని ప్రాణి పుట్టుకొచ్చింది! మనుషుల మధ్య కూడా ఎన్నో వదంతులు ఇలాగే పుడతాయి. ఒక సందర్భంలో పలికిన మాటను మరో సందర్భంలోకి మోసుకెళ్ళి చదివితే చాలు.

నమ్మశక్యంగా ఉండటం గీటురాయి కాదు

ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చూద్దాం. నమ్మదగినట్లు కనిపించిన లారీ కథ అబద్ధం. నవ్వొచ్చేలా ఉన్న ముసలాయన కథ నిజం. అంటే, మన మనసుకు నచ్చడం, నచ్చకపోవడం ఒక వార్తకు గీటురాయి కాజాలదు.

దివ్య ఖుర్‌ఆన్ అల్ హుజురాత్ సూరా ఆరో ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు ఇచ్చిన ఆదేశాన్ని ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. దుర్మార్గుడు ఒక వార్త తెచ్చినప్పుడు దాన్ని నమ్మేయమనలేదు. అలాగని విసిరికొట్టమని కూడా అనలేదు. విచారించి నిజం తేల్చుకోమన్నాడు. తెలియక ఒక జాతికి హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడే దుస్థితి రాకూడదన్నది దానికి కారణం.

హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఆదర్శం కూడా ఇదే. హుద్‌హుద్ పిట్ట సబా దేశం నుండి ఒక వార్త తెచ్చింది. అక్కడ ఒక రాణి పాలిస్తోందని, ఆమె, ఆమె ప్రజలు సూర్యుణ్ణి పూజిస్తున్నారని చెప్పింది. ఒక పిట్ట తెచ్చిన వార్త! ఆయన దాన్ని నవ్వి కొట్టిపారేయలేదు. వెంటనే సైన్యాన్నీ నడిపించలేదు. అది నిజం చెబుతోందో, అబద్ధం చెబుతోందో చూస్తామని చెప్పి, దాని చేతనే ఉత్తరం పంపి పరీక్షించారు. (అన్ నమ్ల్: 20 - 28)

ఇక పెద్దల సంగతి

పిల్లలు లారీ కథ నమ్మారని మనం నవ్వుకుంటాం. మరి పెద్దలు ఏం చేశారు? 2001లో ఈ ఆట అరబ్బు దేశాల్లో బాగా వ్యాపించినప్పుడు, 'పోకెమాన్ అంటే జపాను భాషలో నేను యూదుణ్ణి అని అర్థమట' అన్న వదంతి చెలరేగింది. నిజానికి ఆ మాట 'పాకెట్ మాన్‌స్టర్స్' అన్న పేరుకు కుదింపు. జేబులో పట్టే వింత ప్రాణులు అని దాని భావం. జపాను భాష తెలిసిన ఒక్క మనిషిని అడిగితే తేలిపోయే విషయం. కంపెనీ కూడా ఖండించింది. అయినా మాట పాకుతూనే పోయింది. దాన్ని చేరవేసినవారిలో మన ధార్మిక సోదరులు ఎందరో ఉన్నారని ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడాలి, వెనుకాడకూడదు.

అదే సంవత్సరం సౌదీ అరేబియా ఈ ఆటనూ, దాని కార్డులనూ నిషేధించింది. కార్డుల మార్పిడిలో జూదం లక్షణాలున్నాయన్నది ధర్మపండితులు చూపిన కారణాల్లో ఒకటి. ఇది ఆలోచించదగిన విషయమే. పందెం కాసి కార్డులు గెలుచుకునే అలవాటు పిల్లలకు పడితే ఏ తండ్రి ఊరుకుంటాడు? ధర్మపరమైన కారణం చెప్పడం వేరు. లేని అర్థాన్ని ఒక పేరుకు అంటగట్టడం వేరు. ఏదైనా జాతి పట్ల ఉన్న ద్వేషం సయితం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదన్న ఆదేశం అల్ మాయిదా సూరా ఎనిమిదో ఆయతులో ఉంది. ఆ ఆదేశం బొమ్మల ఆటకూ వర్తిస్తుంది.

మంచి కోసం చెప్పే అబద్ధం

ఇక్కడ కొందరు ఇలా అంటారు: "పిల్లలు ఆటల్లో పడి నమాజు మరిచిపోతున్నారు, చదువు పాడుచేసుకుంటున్నారు. భయపెట్టే మాట ఏదైనా చెప్పి మాన్పిస్తే తప్పేమిటి? ఉద్దేశం మంచిదే కదా!"

ఈ ప్రశ్న తేలిగ్గా తీసేయదగింది కాదు. తల్లిదండ్రుల ఆవేదన నిజమైనది. కాని దీనికి సమాధానం మహాప్రవక్త (స) కాలంలోనే దొరికింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో ఒకరోజు వాళ్ళమ్మ ఆయన్ని "రా, ఒకటి ఇస్తాను" అని పిలిచింది. అక్కడే ఉన్న దైవప్రవక్త (స) ఏమివ్వాలనుకున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడేదని ఆయన (స) హెచ్చరించారు. (అబూదావూద్) పసివాణ్ణి పిలవడానికి చెప్పే చిన్న మాటకే లెక్క ఉన్నప్పుడు, వాణ్ణి భయపెట్టడానికి అల్లే పెద్ద కథకు లెక్క లేకుండా పోతుందా?

ఇందులో మరో నష్టం ఉంది. ఇదే ఆటలో సమాధుల గోపురం ఉన్న ఒక పట్టణం ఉంది. అక్కడ వినిపించే సంగీతం విని 1996లో జపాను పిల్లలు ఎందరో ప్రాణాలు తీసుకున్నారని చాలా ఏళ్ళ తరువాత ఒక కథ పుట్టింది. అది పూర్తిగా కల్పితం. అయితే 1997 డిసెంబరు 16న జపాను టీవీలో పోకెమాన్ కార్టూన్ ప్రసారమైనప్పుడు, ఎరుపు నీలం వెలుగులు వేగంగా మిలమిలలాడటంతో దాదాపు 685 మందిని ఆసుపత్రులకు తరలించిన మాట వాస్తవం. వారిలో ఎవరూ చనిపోలేదు. వాస్తవంగా జరిగినదాన్ని చెబితే పిల్లలకు ఉపయోగం ఉంది. వెలుతురున్న గదిలో, తెరకు దూరంగా కూర్చుని చూడాలని నేర్చుకుంటారు. కల్పితం చెబితే, ఏదో ఒకనాడు అది అబద్ధమని తెలుసుకుంటారు. ఆ రోజు వాళ్ళ నమ్మకం సడలేది ఆ కథ మీద మాత్రమే కాదు, అది చెప్పిన మన మీద కూడా. స్వర్గ నరకాల గురించి, పరలోకం గురించి కూడా మనమే కదా వాళ్ళకు చెప్పేది! సత్యధర్మాన్ని అబద్ధపు గుంజకు కట్టి నిలబెట్టాలనుకోవడం ఎంత అవివేకం!

ఆట నుండి వీధిలోకి

లారీ కథ వల్ల పిల్లలకు పోయింది నాలుగు గంటల కాలం. అదే అలవాటు పెద్దయ్యాక వీధిలోకి వస్తే పోయేది ప్రాణం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు తెలంగాణలో ఫోన్ల నిండా పాకాయి. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట ప్రాంతంలో ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని గుంపు కొట్టి చంపింది. అది పవిత్ర రమజాన్ మాసం. ఆ సందేశాన్ని ముందుకు పంపిన ప్రతివాడూ "నేను ఎవరినీ కొట్టలేదు" అంటాడు. నిజమే. కాని విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవడానికి చాలునని మహాప్రవక్త (స) హెచ్చరించిన విషయం (ముస్లిం) మరువరాదు. కల్పించినవాడి గురించే కాదు, మోసుకెళ్ళినవాడి గురించి కూడా ఆ హెచ్చరిక.

విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)పై అపనింద వేసినప్పుడు మదీనాలో జరిగిందీ ఇదే. అల్లినవారు కొందరే. నాలుక నుండి నాలుకకు అందించినవారు మరికొందరు. అదేదో తేలికైన సంగతి అనుకున్నారు. అల్లాహ్ దృష్టిలో అది చాలా తీవ్రమైన విషయమని అన్ నూర్ సూరా పదిహేనో ఆయతు తెలియజేసింది. ఆ నెలరోజులూ ఆమె పడిన వేదన తలచుకుంటే 'తేలికైన మాట' అనేది ఒకటి ఉండదని అర్థమవుతుంది.

మన ఇళ్ళలో

కనుక పిల్లవాడు బడి నుండి వచ్చి, "అబ్బా, ఈ ఆటలో దెయ్యం ఉందట, నిజమేనా?" అని అడిగితే కసురుకోకూడదు. అవునని భయపెట్టనూ కూడదు. మూడు ప్రశ్నలు నేర్పాలి. చెప్పింది ఎవరు? అతను స్వయంగా చూశాడా, ఎవరో అంటే విన్నాడా? మనం దాన్ని పరీక్షించే దారి ఉందా? దారి లేకపోతే 'నాకు తెలియదు' అనడం కూడా నేర్పాలి. తెలియని విషయం వెంట పడవద్దని, చెవి, కన్ను, మనసు అన్నీ లెక్క చెప్పుకోవలసినవేనని బనీ ఇస్రాయీల్ సూరా ముప్ఫయ్యారో ఆయతు బోధిస్తోంది. ఆట మాన్పించవలసి వస్తే అసలు కారణమే చెప్పాలి: "నాయనా, అజాన్ అయింది. ఇక చాలు." దీనికి దెయ్యం సాయం అక్కర్లేదు.

లారీని నెట్టి చూసిన పిల్లవాడికి కింద ఏమీ దొరకలేదు. అయినా వాడు ఒక మంచి పని చేశాడు. విన్నదాన్ని పరీక్షించాడు. తరువాత స్నేహితుల దగ్గరికి వెళ్ళి "అక్కడ ఏమీ లేదు" అని ఉన్నదున్నట్లు చెప్పి ఉంటే, ఆ రోజు చాలామంది పెద్దల కంటే వాడే మెరుగు.

విన్నదాన్ని విచారించే వివేకాన్ని, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే ధైర్యాన్ని, మన నాలుకలపై అదుపును అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.